లీకు ఎక్కడుందో తెలియకుండా నట్టు బిగించకండి

(నెల్లూరులో ఫార్మసీ, కెమిస్ట్రీ విద్యార్థులకూ ల్యాబ్ టెక్నీషియన్లకూ ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు వినపడుతోందా? సరే.

మొదట ఒక ప్రశ్న. మీలో రొయ్యల చెరువులున్న ఇళ్ళ నుంచి వచ్చిన పిలకాయలు ఎంతమంది? చేతులెత్తండి. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి చాలామందే ఉన్నారు. మీ నాయన తెల్లారి చెరువు దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు జానెడు తగ్గి ఉన్నాయనుకోండి. ఏం చేస్తాడు? పార తీసుకుని ఎక్కడ పడితే అక్కడ మట్టి వెయ్యడు. ముందు కట్ట చుట్టూ తిరుగుతాడు. కట్టకు బయటివైపు ఎక్కడ చెమ్మగా ఉందో, ఎక్కడ గడ్డి మరీ పచ్చగా ఉందో చూస్తాడు. ఎండ్రకాయ బొక్క కనపడితే దాని రెండో మూతి చెరువు లోపలివైపు ఎక్కడుందో వెతుకుతాడు. అది దొరికాకే మట్టి వేసి తొక్కుతాడు. ఎందుకంటే బయటి మూతి ఒక్కటే పూడిస్తే నీళ్ళు ఇంకోచోట దారి చేసుకుంటాయని ఆయనకు తెలుసు.

ల్యాబులో మనం చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేను చెప్పేది హెచ్‌పీఎల్‌సీ మెషీన్ గురించి: మొబైల్ ఫేజ్ అనే ద్రవాన్ని పంపుతో గట్టిగా తోసి, కాలమ్ అనే గొట్టం గుండా సాంపిల్‌ను నడిపించి, అందులోని పదార్థాలను విడదీసి చూపే యంత్రం. అది లీక్ అలారం కొట్టగానే మన చెయ్యి పానా మీదికి పోతుంది. కంటికి కనపడిన మొదటి నట్టును బిగించేస్తాం. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ మెషీన్ల దగ్గర పనిచేశాను. మందుల ల్యాబుల్లో కొన్నేళ్ళు, రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే ల్యాబుల్లో కొన్నేళ్ళు. నా అనుభవంలో నేను చూసిన లీకుల్లో చాలావాటిని మనుషులే తయారుచేశారు, అంతకుముందు రోజు బిగించిన బిగింపుతో. ఈరోజు నేను చెప్పాలని వచ్చింది ఈ ఒక్క విషయమే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగే వివరం.

నా సంగతే చెబుతాను. అప్పట్లో ఒక మందుల ల్యాబులో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. మాత్రల స్టెబిలిటీ సాంపిల్స్, అంటే నిలవలో మందు చెడిందా లేదా అని చూసేవి, నడుస్తున్నాయి. పీక్ అంటే పదార్థం బయటికొచ్చినప్పుడు స్క్రీన్ మీద గీతలో లేచే గుట్ట. స్టాండర్డ్, అంటే మందు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం, దాని పీక్ 8 నిమిషాలకు రావాలి. మొదటి ఇంజెక్షన్ సరిగ్గా 8.0కి వచ్చింది. ఆరోది 8.1. పదోది 8.2. ప్రెజర్ సాయంత్రం 180 బార్ ఉండేది, 176కి దిగింది. నాకు టెన్షన్ మొదలైంది, పొద్దునకల్లా రిజల్టు ఇవ్వాలి. కాలమ్ నట్టు దగ్గర తడి ఉన్నట్టు అనిపించింది. తడి ఉందని నేను తేల్చుకోలేదు, అనిపించిందంతే. పంపు ఆపకుండానే పానా పెట్టి బిగించాను. తగ్గలేదు. ఇంకొంచెం బిగించాను. మూడోసారి తిప్పేసరికి కాలమ్ మూతిలో మర పోయింది. అప్పటిదాకా కారని చోటు అప్పుడు నిజంగానే కారడం మొదలుపెట్టింది. కొత్త కాలమ్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. అది పెట్టి నడిపితే పీక్ మళ్ళీ 8.2 దగ్గరే వచ్చింది. అసలు తప్పు పంపు పిస్టన్ సీల్‌ది. పంపు హెడ్ కింది అంచున, వెనకవైపు, బియ్యపు గింజంత తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. ఆ రాత్రి నేను అటువైపు తల వంచి చూసి ఉంటే ఒక్క నిమిషంలో కనపడేది.

ఇక్కడ ఒక లెక్క చెబుతాను, రాసుకోండి. నీటి బొట్టు ఒకటి సుమారు 50 మైక్రోలీటర్లు. మీ ఫ్లో నిమిషానికి 1 మిల్లీలీటరు అనుకుందాం. అయిదు నిమిషాలకు ఒక్క బొట్టు పోతోందంటే నిమిషానికి 10 మైక్రోలీటర్లు, అంటే నూటికి ఒక వంతు. అప్పుడు 10 నిమిషాలకు రావాల్సిన పీక్ 10.1కి వస్తుంది. ఆరు సెకన్ల ఆలస్యం. చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ బొట్టును మీరు చూడలేరు. మిథనాల్ గానీ అసిటోనైట్రైల్ గానీ ఎక్కువున్న మొబైల్ ఫేజ్ అయితే అయిదు నిమిషాల్లో బొట్టు తయారయ్యేలోపే ఆరిపోతుంది. కింద ట్రే పొడిగా ఉంటుంది, లీక్ సెన్సర్ నోరు మెదపదు, పీక్ మాత్రం జరిగిపోతూ ఉంటుంది. అదే లీకు నిమిషానికి 0.3 మిల్లీలీటర్లతో నడిచే ఎల్‌సీ-ఎంఎస్ మెషీన్‌లో, అంటే అణువులను బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ జతచేసిన దాంట్లో, ఉంటే నూటికి మూడు వంతుల పైమాటే.

అందుకే లీకును మొదట చూడాల్సింది మెషీన్ మీద కాదు, స్క్రీన్ మీద. ప్రెజర్ తగ్గిందా? అన్ని పీకులూ ఒకే నిష్పత్తిలో ఆలస్యమయ్యాయా? కాలమ్‌లో ఆగకుండా ముందే వచ్చేసే ఆ చిన్న వాయిడ్ పీక్ కూడా జరిగిందా? వాయిడ్ పీక్ కూడా అదే నిష్పత్తిలో జరిగితే అది ఫ్లో లోటు. వాయిడ్ ఉన్నచోటే ఉండి మిగతావి మాత్రమే జరిగితే మొబైల్ ఫేజ్ తేడానో, కాలమ్ ఓవెన్ వేడి తేడానో, పీహెచ్ తేడానో అయి ఉంటుంది. అక్కడ లీకు కోసం వెతికితే రోజు వృథా. ఆ రాత్రి నా క్రొమటోగ్రామ్‌లో, అంటే పీకులు లేచే ఆ గీతలో, 8.0 నుంచి 8.2 అంటే రెండున్నర శాతం. ప్రెజర్ 180 నుంచి 176 అన్నా దాదాపు అంతే. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, ఫ్లో రెండున్నర శాతం తగ్గిందని. కాలమ్ ముందే ఎక్కడో పోతోందని అర్థం. ఆ మాటను నేను చదవలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లీకు ఉంటే పీకులు ముందుకు కూడా రావచ్చు. రెండు పంపులతో గ్రేడియంట్ నడిపే, అంటే నీళ్ళ పాలూ అసిటోనైట్రైల్ పాలూ మారుస్తూ పోయే మెషీన్ అయితే, నీళ్ళ వైపు పంపు తక్కువ తోస్తే మిశ్రమంలో అసిటోనైట్రైల్ పాలు పెరుగుతుంది. పీకులు తొందరగా వస్తాయి. అసిటోనైట్రైల్ వైపు పంపు తక్కువ తోస్తే ఆలస్యంగా వస్తాయి. ముందుకొచ్చాయి కాబట్టి లీకు కాదు అనుకోకండి.

ఫ్లో నిజంగా తగ్గిందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల వాల్యుమెట్రిక్ ఫ్లాస్కు, ఒక స్టాప్‌వాచ్ చాలు. కాలమ్ తర్వాత పీకులను పట్టే డిటెక్టర్ నుంచి వచ్చే గొట్టాన్ని ఫ్లాస్కులో పెట్టండి. నిమిషానికి 1 మిల్లీలీటరు ఫ్లోలో గీత దాకా నిండడానికి పది నిమిషాలు పట్టాలి. పది నిమిషాల పదిహేను సెకన్లు పట్టిందంటే ఫ్లో రెండున్నర శాతం తక్కువ. ఈ పని చేసేటప్పుడు కాలమ్ ఉంచే చెయ్యండి, ఎందుకంటే ప్రెజర్ లేకపోతే కారని చోట్లు చాలా ఉంటాయి.

ఇక మెషీన్ దగ్గరికి వద్దాం. సీసా నుంచి వేస్ట్ క్యాన్ దాకా ద్రవం పోయే దారిలో పంపు ఒక సరిహద్దు. పంపుకు ముందు ద్రవాన్ని పీలుస్తాం, పంపు తర్వాత తోస్తాం. తోసే వైపు బొక్క ఉంటే ద్రవం బయటికొస్తుంది. పీల్చే వైపు బొక్క ఉంటే బయటికేమీ రాదు, గాలి లోపలికి పోతుంది. మీలో వ్యవసాయం ఇళ్ళవాళ్ళకు ఇది కొత్త కాదు. బావి మోటారుకు ఫుట్‌వాల్వు సరిగ్గా పట్టకపోయినా, సక్షన్ పైపుకు సన్న చీలిక వచ్చినా నీళ్ళు కారవు, మోటారు గాలి పడుతుంది. నీళ్ళు కొంచెం వచ్చి ఆగి, మళ్ళీ కొంచెం వస్తాయి. ఇక్కడా అంతే. ప్రెజర్ గీత నిలకడగా ఉండకుండా దడదడలాడుతుంది. పంపులోకి వచ్చే పారదర్శకపు గొట్టంలో బుడగలు వరసగా కనపడతాయి. సీసా మూత దగ్గర, ద్రవంలోని గాలిని తీసే డీగ్యాసర్‌కు కలిపే నట్ల దగ్గర, పంపు ఇన్‌లెట్ దగ్గర చూడండి. ఇవి ప్లాస్టిక్ నట్లు, చేత్తో బిగించాల్సినవి. పానా పెడితే చీలతాయి.

పంపులో ఫుట్‌వాల్వు లాంటిదే ఉంటుంది, దాన్ని చెక్ వాల్వ్ అంటాం. లోపల సఫైర్ పీఠం మీద కెంపు గోళీ ఒకటి, రూబీ బాల్. ద్రవం వస్తే లేస్తుంది, వెనక్కి పోబోతే కూర్చుని దారి మూస్తుంది. అది సరిగ్గా కూర్చోకపోతే ద్రవం వెనక్కి జారుతుంది. బయట ఒక్క చుక్క కనపడదు, కానీ ఫ్లో తగ్గుతుంది. ఇదీ లీకే, లోపలి లీకు. శుద్ధ అసిటోనైట్రైల్ నడిచే వైపు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ దాంట్లోంచి జిగురులాంటి పదార్థం ఆ గోళీకి పట్టి అది అతుక్కుంటుంది. వాల్వు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి, శబ్ద తరంగాలతో కడిగే సోనికేటర్‌లో కాసేపు ఉంచితే చాలాసార్లు బాగవుతుంది. పెట్టేటప్పుడు బాణం గుర్తు పైకి ఉండాలి. తలకిందులుగా పెట్టి గంటలు గంటలు వెతికినవాళ్ళను చూశాను.

పిస్టన్ సీల్ గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. పిస్టన్ కూడా సఫైర్ కడ్డీయే, చిటికెన వేలి కంటే సన్నది. అది రోజంతా ముందుకూ వెనక్కూ ఆడుతుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ సీల్ ఒకటి, లోపల చిన్న స్ప్రింగుతో. సీల్ పనిచేయాలంటే పిస్టన్ మీద సన్నటి తడి పొర ఉండాలి. ఆ పొరలో కొంత పిస్టన్ వెనక భాగానికి వచ్చి ఆరుతుంది. మొబైల్ ఫేజ్‌లో పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఫాస్ఫేట్ బఫర్ ఉంటే నీళ్ళు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఇసకపల్లి ఉప్పు మడుల్లో జరిగేదే ఇక్కడ ఒక మిల్లీమీటరు చోట్లో జరుగుతుంది. ఆ ఉప్పు పలుకు గరుకు కాగితంలాగా పనిచేసి సీల్‌ను గీస్తుంది. గీత పడ్డ సీల్ ఇంకొంచెం ద్రవాన్ని వదులుతుంది, ఇంకొంచెం ఉప్పు పేరుకుంటుంది. ఒకసారి మొదలైతే ఆగదు.

నెల్లూరులో తుపాను రోజుల్లో కరెంటు సంగతి మీకు తెలుసు. యూపీఎస్ అరగంట నిలుస్తుంది, తర్వాత పంపు ఆగుతుంది. లోపల బఫర్ అలాగే ఉంటుంది. పొద్దున కరెంటు రాగానే ఎవరో వచ్చి స్టార్ట్ నొక్కుతారు. ఎండిన ఉప్పు మీద పిస్టన్ నడుస్తుంది. దయచేసి అలా చేయకండి. ముందు సీసాలు మార్చి శుద్ధమైన నీళ్ళు పెట్టండి. నూటికి అయిదో పదో మిథనాల్ కలిపినా పర్వాలేదు. తక్కువ ఫ్లోతో అరగంట పోనివ్వండి, ఆ తర్వాతే మిగతా పని. అసిటోనైట్రైల్ ఎక్కువున్న ద్రవాన్ని నేరుగా పంపితే ఫాస్ఫేట్ అక్కడికక్కడే గడ్డకడుతుంది. పంపు వెనక సీల్ వాష్ ఏర్పాటు ఉంటే దాన్ని ఎండనివ్వకండి. నీళ్ళలో పది శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి పోస్తే చాలు, నాచు పట్టదు, ఉప్పు కడిగేస్తుంది. ఈ సీల్ వాష్ సీసా మీకు లీకు సంగతి కూడా చెబుతుంది. ద్రవం తిరిగి అదే సీసాలోకి వచ్చే మెషీన్ అయితే సీసాలో మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే, సీల్ దాటి మొబైల్ ఫేజ్ అందులోకి వస్తోందని అర్థం.

సీల్ మార్చేటప్పుడు స్ప్రింగు కనపడే ముఖం ద్రవం వైపు ఉండాలి. పంపు హెడ్ తీసేటప్పుడు నిటారుగా లాగండి, పక్కకు వంచితే సఫైర్ పిస్టన్ విరుగుతుంది. సఫైర్ చాలా గట్టిది, అయినా పక్కనుంచి బరువు పడితే గాజులాగే పోతుంది.

ఇక నట్లూ ఫెర్రూళ్ళూ. స్టీల్ గొట్టం మీద నట్టు, నట్టు ముందు ఫెర్రూల్ అనే చిన్న శంకు. మొదటిసారి బిగించినప్పుడు ఆ ఫెర్రూల్ గొట్టాన్ని కరిచిపట్టి అక్కడే ఉండిపోతుంది. ఫెర్రూల్ దాటి గొట్టం ముందుకు ఎంత పొడుచుకుని ఉండాలన్నది అది కూర్చునే రంధ్రం లోతును బట్టి ఉంటుంది. ఆ లోతు కంపెనీకీ కంపెనీకీ తేడా. ఒక కంపెనీ కాలమ్‌కు కుదిరిన గొట్టాన్ని తెచ్చి ఇంకో కంపెనీ కాలమ్‌కు పెడితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. గొట్టం పొడుగైతే ఫెర్రూల్ ఆనదు, ఎంత బిగించినా కారుతుంది. గొట్టం పొట్టిదైతే కారదు కానీ లోపల ఖాళీ మిగులుతుంది, పీకులు తోకలు సాగుతాయి. రెండోది లీకు కాకపోయినా లీకు కంటే చెడ్డది, ఎందుకంటే కాలమ్ పాడైందని దాన్ని అవతల పారేస్తాం.

కొత్త స్టీల్ ఫెర్రూల్‌ను చేత్తో ఆనేదాకా బిగించి, పానాతో పావు నుంచి అర చుట్టు తిప్పితే చాలు. తర్వాత విప్పి పెట్టినప్పుడు అంత కూడా అక్కర్లేదు, ఆనాక చిన్న తిప్పు చాలు. రెండు పానాలు వాడండి, ఒకటి కాలమ్‌ను పట్టుకోడానికి, ఇంకొకటి నట్టుకు. ఒక్క పానాతో తిప్పితే కాలమ్ తిరిగి అవతలి మూతి వదులవుతుంది. పీక్ (PEEK, ఇది స్క్రీన్ మీది పీక్ కాదు) అనే లేత గోధుమరంగు ప్లాస్టిక్ నట్లను చేత్తోనే బిగించాలి, అదీ పంపు ఆపి, ప్రెజర్ సున్నాకు వచ్చాక. ప్రెజర్ మీద ఉండగా బిగిస్తే గొట్టం వెనక్కి జారి, అక్కడ ఖాళీ పడుతుంది. వీటికి సుమారు 350 బార్ వరకే నమ్మకం. మొబైల్ ఫేజ్‌లో టెట్రాహైడ్రోఫ్యూరాన్ గానీ డైక్లోరోమిథేన్ గానీ ఉంటే ఆ ప్లాస్టిక్ ఉబ్బుతుంది, అప్పుడు స్టీల్ వాడండి.

ఏ నట్టు కారుతోందో తెలుసుకునే పద్ధతి ఇది. ఫిల్టర్ పేపర్‌ను అగ్గిపుల్లంత సన్నగా కోయండి. ప్రెజర్ ఉండగానే, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ కాగితం కొనను నట్టు మొదట్లో, గొట్టం బయటికొచ్చే చోట ఆనించి మూడు నిమిషాలు ఉంచండి. తడిస్తే కొన రంగు మారి మసకగా కనపడుతుంది. వేలితో తడమకండి. వేలి చెమటకూ లీకుకూ తేడా తెలియదు, పైగా అసిటోనైట్రైల్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. మిథనాల్ లాంటి ద్రవాలకు ఇంకో కాగితం ఉంది, మీ జేబులోనే ఉంటుంది. ఆర్టీసీ బస్సులో మిషన్‌లోంచి ఇచ్చే టికెట్. అది వేడి తగిలితే అచ్చుపడే థర్మల్ కాగితం. మిథనాల్ తగిలిన చోట నల్లబడుతుంది, నీళ్ళకు నల్లబడదు. సన్న ముక్క కోసి నట్టు చుట్టూ చుట్టి టీ తాగి రండి. ఆరిపోయే లీకు ఆరిపోయినా దాని మచ్చ కాగితం మీద ఉండిపోతుంది.

ఫాస్ఫేట్ వాడే మందుల ల్యాబుల్లో తెల్లటి ఉప్పే మనకు గుర్తు. రొయ్యల ల్యాబుల్లో ఆ సౌకర్యం లేదు. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఆరని ఉప్పు పనికిరాదు కాబట్టి ఫార్మిక్ ఆమ్లం, అమ్మోనియం అసిటేట్ లాంటివి వాడతారు. అవి ఆరిపోతే పెద్దగా గుర్తు మిగలదు. అక్కడ కాగితం పుల్లే దిక్కు.

ఆ ల్యాబుల్లో లీకు ఎంత బరువైన విషయమో ఒక్క మాట చెబుతాను. యూరప్‌కు పోయే రొయ్యల్లో క్లోరంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు 2022 చివర్నుంచి కిలోకు 0.15 మైక్రోగ్రాముల దగ్గర గీత గీశారు, అంతకుముందు 0.3 ఉండేది. 0.15 అంటే దాదాపు 6,700 టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము. అంత సన్నటి పీక్‌ను మనం కొలుస్తున్నాం. సాంపిల్‌ను తనంతట తానే పీల్చి ఎక్కించే ఆటోసాంప్లర్‌లో సూది ఆనే పీఠం అరిగితే, లేదా దాని వాల్వులోని రోటర్ సీల్ మీద గీత పడితే, పీల్చిన సాంపిల్ అంతా కాలమ్‌లోకి పోదు. కొంత పక్కకు జారుతుంది. పీక్ వస్తుంది, టైమూ సరిగ్గానే ఉంటుంది, వైశాల్యం మాత్రం తగ్గుతుంది, అదీ ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ. ఇంటర్నల్ స్టాండర్డ్, అంటే పోల్చడానికి ప్రతి సాంపిల్‌లో తెలిసినంత వేసే పదార్థం, కలిపి ఉంటే రెండూ ఒకే పాళ్ళలో తగ్గుతాయి కాబట్టి లెక్క నిలబడుతుంది. కానీ నిష్పత్తి సరిగ్గా ఉందని మనం సంతోషపడి లీకును వారాల తరబడి గమనించం. పీక్ చిన్నదవుతూ పోయి ఒకరోజు నాయిస్‌లో కలిసిపోతుంది. అందుకే ఇంటర్నల్ స్టాండర్డ్ వైశాల్యాన్ని రోజూ విడిగా రాసి పెట్టుకోండి. ఒకే స్టాండర్డ్‌ను ఆరుసార్లు ఇంజెక్ట్ చేసి వైశాల్యాల్లో తేడా చూడండి. టైము కదలకుండా వైశాల్యం ఊగుతోందంటే ఆటోసాంప్లర్ వైపు వెళ్ళండి.

ఆటోసాంప్లర్‌లో మన ఊళ్ళకు ప్రత్యేకమైన ఒక సమస్య ఉంది. సాంపిల్స్ పాడవకుండా లోపల 4 డిగ్రీల చల్లదనం పెడతాం. సముద్రం పక్క ఊళ్ళం, గాలిలో తేమ ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ తేమ లోపలికి పోయి చల్లటి పలక మీద నీరై కారుతుంది. ఆ నీరు పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. అది మడత పడినా, దాని కొన క్యాన్‌లోని నీళ్ళలో మునిగినా నీరు బయటికి పోదు, ట్రేలోకి వస్తుంది, లీక్ అలారం మోగుతుంది. మనం నట్లన్నీ బిగిస్తాం. అసలు లీకే లేదు! దీన్ని తేల్చడం తేలిక. రాత్రి పంపు ఆపి, చల్లదనం మాత్రం ఉంచి పోండి. పొద్దున నీళ్ళుంటే అది మొబైల్ ఫేజ్ కాదు. లేదా ఆ నీళ్ళలో పీహెచ్ కాగితం ముంచండి. మొబైల్ ఫేజ్‌లో ఫార్మిక్ ఆమ్లం ఉంటే కాగితం ఎర్రబడుతుంది, మంచు నీళ్ళయితే ఎర్రబడదు.

డిటెక్టర్ గురించి రెండే మాటలు. ఫ్లో సెల్, అంటే ద్రవం గుండా కాంతి పోయే చిన్న గది, సున్నితమైనది, దాని తర్వాత ఉన్న గొట్టాన్ని ఎప్పుడూ మూయకండి, నలగనివ్వకండి. వేస్ట్ గొట్టం క్యాన్ కింద నలిగి సెల్ కిటికీ పగిలిన సంఘటన నేను కళ్ళారా చూశాను. యూవీ, ఫ్లోరెసెన్స్ రెండూ వరసగా పెడితే యూవీ ముందు, ఫ్లోరెసెన్స్ తర్వాత, ఎందుకంటే ఫ్లోరెసెన్స్ సెల్ తక్కువ ప్రెజరే తట్టుకుంటుంది.

కంటికీ కాగితానికీ దొరకని లీకును ముక్కలు ముక్కలుగా విడదీసి పట్టాలి. పంపు నుంచి బయటికొచ్చే చోట గొట్టం తీసి మూసేసే నట్టు, బ్లాంక్ నట్టు అంటాం, అది పెట్టండి. మెషీన్‌లో పై ప్రెజర్ హద్దును కాలమ్ నడిచే ప్రెజర్ కంటే కొంచెం ఎక్కువగా పెట్టి, నిమిషానికి 0.1 మిల్లీలీటరు ఫ్లో ఇవ్వండి. పంపు బాగుంటే ప్రెజర్ చకచకా లేచి హద్దు తాకి ఆగుతుంది. లేవడానికి తడబడితే తప్పు పంపులోనే. పంపులోని గాలిని బయటికి వదిలే పర్జ్ వాల్వ్‌ను కూడా అప్పుడే చూడండి, వాల్వు మూసి ఉన్నా దాని వేస్ట్ గొట్టంలోంచి చుక్కలు పడుతున్నాయేమో. పంపు నిలబడితే బ్లాంక్ నట్టును ఆటోసాంప్లర్ తర్వాత పెట్టండి. అక్కడా నిలబడితే కాలమ్ మూతి దాకా వెళ్ళండి. ఎక్కడికి వచ్చాక ప్రెజర్ జారిపోతుందో, ఆ ముక్కలోనే లీకు. డిటెక్టర్ తర్వాత మాత్రం బ్లాంక్ నట్టు పెట్టకండి, ఇప్పుడే చెప్పాను కదా.

ప్రశ్నలుంటే అడగండి.

లీకు దొరికి బాగుచేశాక, అంతకుముందు నడిచిన సాంపిల్స్ సంగతేంటి అని అడుగుతున్నారు ఈ అమ్మాయి. మంచి ప్రశ్న తల్లీ. లీకు ఎప్పుడు మొదలైందో క్రొమటోగ్రాములు వెనక్కి తిప్పి చూడాలి. సిస్టమ్ సూటబిలిటీ, అంటే మెషీన్ సరిగ్గా నడుస్తోందా అని చూసే పరీక్ష, సరిగ్గా ఉన్న చివరి ఇంజెక్షన్ ఎక్కడో అక్కడిదాకానే నమ్మాలి. ఆ తర్వాతవి మళ్ళీ చెయ్యాలి. ఇది మీ పై అధికారికి చెప్పడం కష్టంగా ఉంటుంది, నాకూ ఉండేది. అయినా లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలకు, ఏ నట్టు, ఏ సీల్, బాగుచేసే ముందు ప్రెజర్ ఎంత, తర్వాత ఎంత అని రాయండి. చప్పుడు చేయకుండా బిగించేసి రన్ కొనసాగించడం నాకు ఎప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రొయ్యల వెనక అప్పుచేసి మేత కొన్న రైతు ఉన్నాడు, ఆ మాత్ర వెనక ఒక రోగి ఉన్నాడు.

ఇంకొకరు, ఇంత ప్రెజర్‌లో గొట్టం ఊడితే పేలుతుందా అంటున్నారు. ద్రవం గాలిలాగా నొక్కుడు పడదు, కాబట్టి సిలిండరులాగా పేలదు. సన్నటి ధారగా చిమ్ముతుంది. కంటికి తగిలితే ప్రమాదం, అందుకే అద్దాలు. అసిటోనైట్రైల్‌కూ మిథనాల్‌కూ మంట అంటుకుంటుంది, కింద కరెంటు బోర్డులుంటాయి. ట్రేలో ద్రవం నిలిచి ఉంటే ముందు పంపు ఆపండి, తుడవండి, గది తలుపులు తెరవండి. ఆ తర్వాతే వెతకడం.

సరే, ఇక పక్క గదిలోకి వెళదాం. అక్కడ మెషీన్ ఒకటి మీకోసం నడుస్తోంది, ఒక నట్టును నేనే కావాలని సగం వదులు చేసి ఉంచాను. తలా ఒక కాగితం పుల్ల తీసుకోండి. పానాలు నా దగ్గరే ఉంటాయి. ఏ నట్టో కాగితంతో చూపించినవాళ్ళకే ఇస్తాను.